పొద్దున్నే ముక్కే బండి: పాత ఎంపీఎఫ్ఐ కార్లలో కోల్డ్ స్టార్ట్ రోగాన్ని పట్టుకోవడం ఎలా

సంక్రాంతికి వారం ముందు, విజయనగరంలో ఏదో ఒక సందులో పొద్దున్న ఆరింటికి వినిపించే చప్పుడు ఒకటుంటుంది. 2004 మోడల్ మారుతీ 800 అనుకోండి, ఎంపీఎఫ్ఐ బండి, అంటే కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మేది. కీ తిప్పితే సెల్ఫ్ బాగానే తీసుకుంటుంది, ఇంజిన్ అందుకుంటుంది కూడా, కానీ అందుకున్న రెండో సెకనుకే ముక్కడం మొదలెడుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, డాష్‌బోర్డు మీద అంటించిన చిన్న వినాయకుడు కూడా వణుకుతాడు, ఆ తర్వాత టప్పున ఆఫ్. మళ్ళీ సెల్ఫ్, మళ్ళీ ఆఫ్. మూడోసారి యాక్సిలరేటర్ మీద కాలు ఆనించి ఉంచితే నిలబడుతుంది, కాలు తీస్తే పోతుంది. అలా అయిదు నిమిషాలు కాలుతో బతికించాక ఏమీ జరగనట్టు నున్నగా తిరుగుతుంది, ఇక ఆ రోజంతా ఎక్కడా మొరాయించదు. పదింటికి షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేసి, "ఏటయ్యింది బాబూ, బండి బాగానే ఉంది కదా" అంటాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆ టైముకి బండి నిజంగానే బాగుంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గజపతినగరం నుంచో చీపురుపల్లి నుంచో విజయనగరం షెడ్డుకి బండి నడుపుకుంటూ వచ్చేసరికి ఇంజిన్ పూర్తిగా వేడెక్కిపోతుంది, టెక్కలి వైపు నుంచి హైవే మీద శ్రీకాకుళం వచ్చినా అంతే, దొంగ పారిపోయాక పోలీసుని పిలిచినట్టే. కనపడని రోగానికి వైద్యం చెయ్యాలి కాబట్టి మెకానిక్ ముందు ప్లగ్గులు మారుస్తాడు, తర్వాత ఎయిర్ ఫిల్టర్, తర్వాత పెట్రోల్ ఫిల్టర్, ఆ తర్వాత ఎవరో చెప్పారని ఆక్సిజన్ సెన్సర్, చివరికి "ఈసీఎం పోయిందేమో" అన్న మాట వస్తుంది, ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే ముక్కుడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే రోగాన్ని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అందుకే బండిని ముందు రోజు సాయంత్రమే షెడ్డులో వదిలేసి, పొద్దున్న మెకానిక్ తన చేత్తో మొదటిసారి కీ తిప్పేలా చూడటం కొత్త సెన్సర్ కొనడం కన్నా విలువైన పని. ఇంకో మాట, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వస్తోంది అనేది ఇబ్బంది మాత్రమే కాదు, అది మన చేతికి దొరికిన అన్నిటికన్నా పెద్ద ఆధారం, ఎందుకంటే వేడెక్కాక సరిగ్గా పనిచేసే పార్టులన్నిటినీ ఆ ఒక్క ముక్కతో అనుమానితుల లిస్టులోంచి తీసేయొచ్చు.

కోల్డ్ అనగానే చాలామంది వాతావరణం అనుకుంటారు. మన దగ్గర కాశ్మీర్ చలి లేదు, జనవరిలో తెల్లవారుజామున 20 డిగ్రీల లోపుకి దిగుతుంది, సాలూరు ఘాట్ వైపో సీతంపేట ఏజెన్సీలోనో ఇంకా దిగుతుంది, అంతే. కానీ ఇంజిన్‌కి కోల్డ్ అంటే అర్థం వేరు. దాని పని వేడి సుమారు 85 నుంచి 95 డిగ్రీలు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ మే నెలలో 30 డిగ్రీల దగ్గరున్నా ఈసీఎం లెక్కలో అది చల్లటి ఇంజినే. చలికాలం కొత్త రోగాన్ని తీసుకురాదు, ఉన్న రోగాన్ని బయటపెడుతుంది, అందుకే ఏడాదంతా కొద్దికొద్దిగా ముక్కే బండి ధనుర్మాసం వచ్చేసరికి పూర్తిగా మొండికేస్తుంది.

పెట్రోల్ మండాలంటే ఆవిరి అవ్వాలి. సిలిండర్లకి గాలి పంచే గొట్టమైన చల్లటి మానిఫోల్డ్‌లో, చల్లటి వాల్వ్ వెనకాల పడ్డ పెట్రోల్‌లో కొంత భాగమే ఆవిరవుతుంది, మిగతాది గోడలకి తడిగా అంటుకుపోతుంది. వేడి ఇంజిన్‌కి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి సరిపోతుంది కానీ చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్కన ఇస్తే మండేంత ఆవిరి దొరకదు, కాబట్టి పెట్రోల్ ఎక్కువ పొయ్యాలి. దానికి తోడు ఇంజిన్ ఆయిల్ చిక్కగా ఉంటుంది, లోపల రాపిడి ఎక్కువ, ఆ బరువుని లాగడానికి గాలి కూడా ఎక్కువ కావాలి. కార్బురేటర్ రోజుల్లో ఈ రెండు పనులూ చోక్ వైరు లాగితే అయిపోయేవి, చోక్ ఫ్లాప్ మూసుకుని పెట్రోల్ పెంచేది, దానికి కలిపిన లింకు గాలి దారికి తలుపైన థ్రాటిల్‌ని కొద్దిగా తెరిచేది. 1998లో శాంత్రో, 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ మారుతీ 800, ఆల్టో లాంటివి వచ్చాక ఆ వైరు పోయి దాని పని రెండు ముక్కలైంది. ఎంత పెట్రోల్ ఎక్కువ పొయ్యాలో ఈసీఎం కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళు) సెన్సర్ చెప్పే వేడిని బట్టి తేల్చుకుంటుంది, ఎంత గాలి ఎక్కువ వదలాలో యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు గాలి వదిలే ఐడిల్ వాల్వ్ చూసుకుంటుంది. కోల్డ్ ఐడిలింగ్ కంప్లైంట్లలో ఎక్కువ శాతం ఈ రెండు ముక్కల్లో ఏదో ఒకటి తన పని చెయ్యకపోవడమే, ముందు అక్కడ చూడకుండా మిగతావన్నీ వెతకడం డబ్బు దండగ.

ఆక్సిజన్ సెన్సర్ సంగతి ఇక్కడే తేల్చెయ్యాలి, ఎందుకంటే అనవసరంగా మార్చేసే పార్టుల్లో అదే ముందుంటుంది. సైలెన్సర్ పైపులో ఉండే ఆ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గానీ సరిగ్గా మాట్లాడదు. అప్పటిదాకా ఈసీఎం దాని మాట వినదు, తన దగ్గర రాసి ఉన్న లెక్కల ప్రకారమే పెట్రోల్ పోస్తుంది. స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో ఆఫ్ అయిపోయే బండికి ఆ సెన్సర్ మారిస్తే ఏం లాభం? ఆ నిమిషంలో అది డ్యూటీకే రాలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి మీటర్లు, స్కానర్లు అక్కర్లేదు, చెవులు, కళ్ళు, ఒక కాలు చాలు. రాత్రంతా ఆగిన బండిలో కూర్చుని, సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ దాకా తిప్పి ఆగాలి. వెనక ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు జుయ్ మని చప్పుడొచ్చి ఆగిపోవాలి, అది పెట్రోల్ పంపు లైన్లో ప్రెషర్ నింపుకోవడం. ఆ చప్పుడే లేకపోతే రిలే, ఫ్యూజ్, పంపు వైరింగ్ దగ్గర మొదలెట్టాలి. చప్పుడు ఉంటే స్టార్ట్ చేసి ఏం జరుగుతుందో చూడాలి. వెంటనే అందుకుని, తర్వాత పడిపోయి, యాక్సిలరేటర్ కొద్దిగా ఆనిస్తే మాత్రం చక్కగా నిలబడుతోందంటే పెట్రోల్ సరిపోతోంది, గాలి అందట్లేదు, ఐడిల్ వాల్వో థ్రాటిల్ బాడీయో దొరికినట్టే. యాక్సిలరేటర్ నొక్కితే నిలబడకపోగా ఇంకా తడబడి, ఒక్కోసారి తిరిగి తన్నినట్టు టప్ మని కొట్టి ఆగిపోతోందంటే అది పెట్రోల్ చాలని బండి, కూలెంట్ సెన్సరో ప్రెషరో ఇంజెక్టరో చూడాలి. అసలు అందుకోవడానికే ఎనిమిది పది సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చి, అందుకున్నాక నల్లటి పొగ, పచ్చి పెట్రోల్ వాసన వస్తే రాత్రంతా ఇంజెక్టర్ కారిందన్న మాట. అలా కాకుండా ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాలి కానీ పొగా వాసనా ఏమీ లేవంటే, సెల్ఫ్ కొట్టే ముందు కీ మూడు నాలుగుసార్లు ఆన్ ఆఫ్ చేసి పంపుని అన్నిసార్లు ఆడించి అప్పుడు కొట్టి చూడాలి, టక్కున అందుకుంటే లైన్లో ప్రెషర్ నిలవట్లేదని రుజువైపోయింది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షలు పొద్దున్న ఒక్కసారే చెయ్యగలం, ఒకసారి వేడెక్కితే మళ్ళీ మర్నాటి దాకా ఆగాలి, అందుకే ఓనరే వీటిని ఒక వారం గమనించి కాగితం మీద రాసి మెకానిక్‌కి ఇస్తే సగం పని అయిపోయినట్టే.

గాలి అందని కేసు మన దగ్గర చాలా ఎక్కువ, దానికి కారణం బండ్లు తిరిగే పద్ధతి. ఇంటి నుంచి సంతకి, సంత నుంచి స్టేషన్‌కి, రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, ఇంటి దగ్గర పెద్దవాళ్ళు ఆదివారం ఒకసారి అరసవల్లి వెళ్ళొస్తారు, మిగతా రోజులు బండి ఇంటి షెడ్డులోనే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే అవకాశమే లేకపోతే ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్ కేసు నుంచి, ఆవిర్లని మళ్ళీ గాలి దారిలోకి పంపే పీసీవీ పైపు ద్వారా వచ్చే ఆయిల్ ఆవిరి థ్రాటిల్ ప్లేటు అంచు చుట్టూ, ఐడిల్ వాల్వ్ రంధ్రంలో జిగురులా పేరుకుంటుంది. ఎయిర్ పైపు ఊడదీసి టార్చ్ వేసి చూస్తే ప్లేటు చుట్టూ నల్లటి ఉంగరం కనిపిస్తుంది, వేలు పెడితే పెనం అడుగు మసిలాగా అంటుకుంటుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలి దారి దారం సందంత, అందులో ఆ ఉంగరం మందం చాలు ఊపిరి ఆడకుండా చెయ్యడానికి. వేడెక్కాక అంత గాలి అక్కర్లేదు కాబట్టి బండి మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

దీనికి మందు శుభ్రం చెయ్యడం. థ్రాటిల్ బాడీ క్లీనర్ స్ప్రే, మెత్తటి గుడ్డ, పాత టూత్ బ్రష్, అంతే, ఇనప గీకుళ్ళు వాడకూడదు. ఐడిల్ వాల్వ్ విప్పితే దాని పిన్నుని వేళ్ళతో బలవంతంగా లోపలికి నొక్కకూడదు, స్టెప్పర్ మోటార్ గేర్లు విరుగుతాయి, మోటార్ వైపు స్ప్రే కొట్టి తడిపితే వైండింగ్ పాడవుతుంది, పిన్ను కిందికి ఉండేలా పట్టుకుని కొన మాత్రమే తుడవాలి. కొన్ని పాత మోడల్స్‌లో ఎలక్ట్రిక్ వాల్వ్‌తో పాటో దాని బదులో మైనంతో పనిచేసే ఎయిర్ వాల్వ్ ఉంటుంది, కూలెంట్ వేడికి మైనం ఉబ్బి గాలి దారి మూస్తుంది. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గి దానికి కూలెంట్ అందకపోతే అది మూసుకోదు, అప్పుడు వేడెక్కాక కూడా రేసింగ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, దిగదు.

మన షెడ్లలో జరిగే ఒక పని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. బండి ఐడిలింగ్‌లో ఆగిపోతోందనగానే స్క్రూడ్రైవర్ తీసుకుని థ్రాటిల్ స్టాప్ స్క్రూ తిప్పి "రేసింగ్ పెంచాను బాబూ, ఇంక ఆగదు" అనేస్తారు. కార్బురేటర్ మీద పాతికేళ్ళు పనిచేసిన చెయ్యి అది, అలవాటు అలాగే వస్తుంది. కానీ ఎంపీఎఫ్ఐలో ఆ స్క్రూ కంపెనీలో సెట్ చేసి రంగు పూసి పంపేది. దాన్ని తిప్పితే థ్రాటిల్ ప్లేటు కొద్దిగా తెరుచుకుని ఉండిపోతుంది, థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ ఆ తెరిచిన కొలతని ఈసీఎంకి పంపుతుంది, ఈసీఎం "డ్రైవర్ కాలు యాక్సిలరేటర్ మీద ఉంది" అనుకుని ఐడిల్ కంట్రోల్ చెయ్యడం మానేస్తుంది. ఆ రోజుకి రోగం కనపడకుండా పోతుంది, తర్వాత రేసింగ్ పైకీ కిందకీ ఊగడం, ఏసీ వేస్తే ఆగిపోవడం, మైలేజీ పడిపోవడం ఒక్కొక్కటిగా వస్తాయి. ఆ స్క్రూ మీద రంగు చెదిరి గీతలు కనిపిస్తే, ఇంకేం చూసే ముందు దాన్ని వెనక్కి సరైన చోటికి తేవడమే మొదటి పని.

రెండో ముక్క కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇది వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క, మామూలుగా 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. ఇది చెడిపోయి చల్లటి ఇంజిన్‌ని వేడిగా ఉందని చెబితే ఈసీఎం అదనపు పెట్రోల్ పొయ్యదు, పొద్దున్న స్టార్టింగ్ నరకం, వేడెక్కాక అంతా బాగు. దానికి ఉల్టాగా వేడి ఇంజిన్‌ని చల్లగా ఉందని చెబితే పొద్దున్న సుఖంగా స్టార్ట్ అవుతుంది కానీ రోజంతా పెట్రోల్ తాగుతుంది, సైలెన్సర్ కొన మసిబారుతుంది. చాలామంది మోసపోయే చోటు ఒకటుంది: "టెంపరేచర్ ముల్లు సరిగ్గానే చూపిస్తోంది కదా" అంటారు. చాలా పాత మోడల్స్‌లో ముల్లుకి వేరే సెన్సర్, ఈసీఎంకి వేరే సెన్సర్, ముల్లుది ఒక వైరుది, ఈసీఎంది రెండు వైర్లది, ఒకటి బాగుందని రెండోది బాగున్నట్టు కాదు.

పట్టుకోవడం సులువే. పొద్దున్న కీ తిప్పకముందే కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో కొలవాలి, ఆ టైముకి గాలి వేడి ఎంతో ఇంజిన్ వేడీ అంతే కాబట్టి రావలసిన అంకె మనకి ముందే తెలుసు. మీటర్ అనుమానం చూపించిందనుకోండి, ఎలక్ట్రానిక్స్ షాపులో రూపాయో రెండు రూపాయలో పెడితే 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ దొరుకుతుంది, దాని రెండు కాళ్ళూ కనెక్టర్‌లో గుచ్చి స్టార్ట్ చేస్తే ఈసీఎంకి ఇంజిన్ సుమారు పాతిక డిగ్రీల దగ్గరుందని కనిపిస్తుంది. టక్కున అందుకుని నిలబడితే సెన్సర్ దోషి. ఒకటి రెండు నిమిషాలకి మించి అలా నడపకూడదు, ఈసీఎంకి ఇంజిన్ వేడెక్కిన సంగతి తెలియదు, కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ కూడా తిరగదు. స్కానర్ అతికే కొత్త బండి అయితే పని ఇంకా తేలిక, రాత్రంతా ఆగాక కూలెంట్ అంకె, లోపలికి వచ్చే గాలి అంకె దాదాపు ఒకటే ఉండాలి, ఒకటి 22, ఇంకోటి 45 చూపిస్తే ఏది అబద్ధమో వాకిట్లో నిలబడితేనే తెలిసిపోతుంది. 2010కి ముందు బండ్లలో చాలావాటికి ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్లు అతకవు. అలాంటి మారుతీల్లో డయాగ్నసిస్ కనెక్టర్‌లో రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటూ కోడ్ చెప్తుంది, పాత మెకానిక్‌లకి ఆ లెక్క తెలుసు. కోడ్ లేదు కదా అని సెన్సర్ మంచిదనుకోవడానికి మాత్రం లేదు. వైరు తెగితేనో షార్ట్ అయితేనో కోడ్ వస్తుంది, 22 డిగ్రీలని 50 అని చెప్పే సెన్సర్‌కి ఈసీఎం కోడ్ వెయ్యదు, ఎందుకంటే 50 కూడా నమ్మదగ్గ అంకే.

కూలెంట్ సెన్సర్ మాట వచ్చినప్పుడు థర్మోస్టాట్ గురించి కూడా చెప్పుకోవాలి. మన ఎండలకి ఇంజిన్ హీట్ ఎక్కుతుందన్న భయంతో థర్మోస్టాట్ వాల్వ్ పీకి పక్కన పడేసిన బండ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. "ఆ వాల్వుతో మనకేటి పనండీ, మనది చలిదేశమా" అన్న మాట వినని వాళ్ళుండరు. నిజానికి ఆ వాల్వ్ పని ఇంజిన్‌ని త్వరగా పని వేడికి తేవడం, అది లేకపోతే మొదటి నిమిషం నుంచే నీళ్ళు రేడియేటర్ అంతా తిరుగుతాయి, ఇంజిన్ 85 డిగ్రీలకి చేరడానికి అయిదు నిమిషాల బదులు పావుగంటో ఇంకా ఎక్కువో పడుతుంది, చలికాలం హైవే మీద అయితే చేరకపోవచ్చు కూడా. సెన్సర్ నిజమే చెప్తోంది, ఈసీఎం కూడా సరిగ్గానే పెట్రోల్ పోస్తోంది, కానీ కోల్డ్ దశ సాగిపోతూనే ఉంటుంది, ఐడిలింగ్ దిగదు, ప్లగ్గులు నల్లబడతాయి, నల్లబడ్డ ప్లగ్గులతో మర్నాడు పొద్దున్న మిస్సింగ్ కొడుతుంది, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండదు. కూలెంట్ బదులు బోరు నీళ్ళు పొయ్యడం ఇంకో దెబ్బ. బిందె అడుగున పట్టే సున్నం పొరే సెన్సర్ కొన మీద కూడా పడుతుంది, సెన్సర్‌కి వేడి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంజిన్ నిజంగా హీట్ ఎక్కుతుంటే రేడియేటర్, ఫ్యాన్, హెడ్ గాస్కెట్ చూడాలి, వాల్వ్ పీకడం వైద్యం కాదు.

పెట్రోల్ వైపుకి వస్తే, పంపులో ఒక చిన్న చెక్ వాల్వ్ ఉంటుంది, బండి ఆపాక కూడా లైన్లో ప్రెషర్ నిలిపి ఉంచేది అదే. చాలా పాత ఎంపీఎఫ్ఐ బండ్లలో నడుస్తున్నప్పుడు ప్రెషర్ రెండున్నర నుంచి మూడు బార్ మధ్య ఉంటుంది, ఆపాక మెల్లగా తగ్గొచ్చు కానీ అయిదు నిమిషాల్లో సున్నాకి వస్తే లీకే. చెక్ వాల్వ్ వెనక్కి వదులుతోందా, ప్రెషర్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ వదులుతోందా, ఇంజెక్టర్ కారుతోందా అన్నది గేజ్ పెట్టి పైపులు ఒక్కొక్కటి నొక్కిపట్టి చూస్తే తేలుతుంది. ఇంజెక్టర్ కారితే పొద్దున్న ప్లగ్గులు విప్పగానే ఒక సిలిండర్ ప్లగ్గు మాత్రం తడిగా వాసనేస్తూ దొరుకుతుంది. కారకపోయినా జిగురు పట్టి సన్నటి పొగలా కొట్టాల్సింది ధారలా పోస్తే అదే బాధ, వేడి మానిఫోల్డ్ ఆ ధారని కూడా ఆవిరి చేసేస్తుంది, చల్లటిది చెయ్యలేదు. ఎప్పుడూ గ్యాస్ మీద నడిపి పెట్రోల్ మర్చిపోయిన పాత ఓమ్నీల్లో ఇది మామూలు. ఇన్‌టేక్ వాల్వుల వెనక పేరుకున్న కార్బన్ కూడా చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్‌ని స్పాంజిలా పీల్చుకుంటుంది, ముందు తను తడిసి ఆ తర్వాతే ఇంజిన్‌కి వదులుతుంది.

ఇథనాల్ సంగతి కూడా కలపాలి, ఎందుకంటే "రెండేళ్ళ నుంచే ఇలా అవుతోంది" అనే బండ్లు ఎక్కువవుతున్నాయి. దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 2022లో 10 శాతానికి చేరింది, 2025కి 20 శాతం అయింది. 2003, 2004లో రాసిన ఈసీఎం లెక్కలు ఈ పెట్రోల్ కోసం రాసినవి కావు. ఇథనాల్ పూర్తిగా మండటానికి ఒక పాలుకి 9 పాళ్ళ గాలి చాలు, అంటే అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ ఇంధనం పొయ్యాలి, పైగా ఆవిరవ్వడానికి పెట్రోల్ కన్నా రెండింతలకి పైగా వేడి లాక్కుంటుంది. వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాని కనిపెట్టి సరిచేయిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు సరిచేసేవాడు లేడు. అంచుల మీద నెట్టుకొస్తున్న పాత సెన్సరో సగం మూసుకున్న ఇంజెక్టరో ఉన్న బండికి ఈ కొద్దిపాటి తేడా చాలు కిందికి తొయ్యడానికి. అలాగని అన్నిటికీ ఇథనాల్‌ని తిట్టి ఊరుకోవడం సరికాదు, అన్నీ బాగున్న ఇంజిన్ ఈ పెట్రోల్‌తో కూడా పొద్దున్న స్టార్ట్ అవుతుంది. ఒక జాగ్రత్త ఏంటంటే ఇథనాల్ తడిని పీలుస్తుంది, వానాకాలంలో పావు ట్యాంకుతో నెలలు ఆపేసిన బండిలో నీళ్ళు అడుక్కి చేరే ప్రమాదం ఉంది, ఆపేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచడం మేలు. పాత రబ్బరు పైపుల్ని కూడా అది మెత్తబరుస్తుంది, వేలితో నొక్కితే పగుళ్ళు కనిపించేవి వెంటనే మార్చెయ్యాలి, అది ఐడిలింగ్ సమస్య కాదు, అగ్ని ప్రమాదం.

దొంగగాలి లీకులు, అంటే థ్రాటిల్ దాటాక పగుళ్ళలోంచి లోపలికి దూరే గాలి, మాత్రం మెకానిక్‌లని బాగా తికమక పెడతాయి. మారుతీ చిన్న బండ్లలో గాలిని నేరుగా కొలవరు, మానిఫోల్డ్ ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సర్‌తో లెక్కగడతారు. అందుకే లీకు ఉంటే రేసింగ్ పడిపోకుండా పెరగొచ్చు. థ్రాటిల్ మూసి ఉంది, రేసింగ్ మాత్రం ఎక్కువుంది కాబట్టి బండి వాలులో దిగుతోందనుకుని ఈసీఎం పెట్రోల్ ఆపుతుంది, రేసింగ్ పడుతుంది, మళ్ళీ పోస్తుంది, ఉయ్యాలలా నిమిషానికి 800 నుంచి 1500 చుట్ల మధ్య ఊగుతుంది. లీకు ఒక సిలిండర్ పక్కనే ఉన్న గాస్కెట్ దగ్గరైతే ఆ ఒక్క సిలిండర్‌కే గాలి ఎక్కువై మిస్సింగ్ కొడుతుంది, ఇంజిన్ వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకోగానే తగ్గిపోతుంది. చల్లటి ఇంజిన్ నడుస్తుండగా మానిఫోల్డ్ అతుకుల మీద సన్నగా నీళ్ళు స్ప్రే చేస్తే లీకు ఉన్న చోట నీళ్ళు పీల్చుకుని శబ్దం మారుతుంది. కొందరు క్లీనర్ స్ప్రే కొడతారు కానీ అది అంటుకునే సరుకు, నీళ్ళే మంచిది. మ్యాప్ సెన్సర్‌కి వెళ్ళే సన్నటి రబ్బరు గొట్టాన్ని చివర్ల దగ్గర వంచి చూడాలి, పగులు అక్కడే దాక్కుంటుంది.

సముద్రం పక్క ఊళ్ళకి, కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు బండ్లకి ఇంకో లెక్క ఉంది. ఉప్పుగాలికి బ్యాటరీ ఎర్త్ తీగ బోల్టు కింద తెల్లగా ఆకుపచ్చగా పూత పూస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెట్టి చూస్తే అర వోల్టు దాటకూడదు. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతే అసలు బ్యాటరీనే అనుమానించాలి, వోల్టేజీ పడితే స్పార్క్ సన్నబడుతుంది, ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, పంపు నెమ్మదిస్తుంది, మూడూ ఒకేసారి. ప్లగ్ వైర్ల పరీక్షకి ఇంకా చీకటి ఉండగానే బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుంటే వైర్ల మీద నీళ్ళు పొగలా స్ప్రే చెయ్యాలి, చేతులు దూరంగా ఉంచి. ఇన్సులేషన్ పోయిన చోట నీలంగా సన్నటి మెరుపులు తీగ మీద పాకుతూ కనిపిస్తాయి, చిటచిటమని వినిపిస్తాయి కూడా. ఒక్కసారి చూస్తే మర్చిపోరు. మంచు పడ్డ రోజే ముక్కి, పొడిగా ఉన్న రోజు బాగుండే బండి అయితే ముందు ఇదే చూడాలి. వరి కోతలయ్యాక పొలం పక్క ఇళ్ళలో ఎలుకలు వైర్లు కొరకడం కూడా ఈ కాలంలోనే ఎక్కువ.

అన్నీ చూసినా దొరక్కపోతే ట్యాపెట్లు, అంటే వాల్వులని నొక్కి తెరిచే ముక్కలు. మారుతీ 800 లాంటి ఇంజిన్‌లో వాటికీ వాల్వులకీ మధ్య ఖాళీ చల్లగా ఉన్నప్పుడు సుమారు 0.15 మిల్లీమీటర్లు, వేడిగా ఉన్నప్పుడు 0.25 దగ్గర ఉంచుతారు, అంటే వేడెక్కితే ఖాళీ పెరుగుతుంది. టైట్ అయిపోయిన ట్యాపెట్ చల్లగా ఉన్నప్పుడే వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వదు, కంప్రెషన్ కారిపోతుంది, వేడెక్కగానే మూసుకుని నున్నగా తిరుగుతుంది. చప్పుడు చేసే ట్యాపెట్‌ని అందరూ పట్టించుకుంటారు, టైట్ ట్యాపెట్ చప్పుడు చెయ్యదు కాబట్టి ఎవరూ చూడరు. గ్యాస్ మీద ఎక్కువ తిరిగిన బండ్లలో వాల్వ్ సీట్లు అరిగి ఇలా టైట్ అవుతాయి.

ఏది మార్చినా, ముఖ్యంగా థ్రాటిల్ శుభ్రం చేశాక, బండి కొన్ని గంటలు రేసింగ్ ఎక్కువగా ఉంటుంది, మసి ఉన్నప్పుడు అలవాటు పడ్డ లెక్కలతోనే ఈసీఎం ఇంకా గాలి వదులుతుంటుంది. చాలా పాత మోడల్స్‌లో బ్యాటరీ నెగటివ్ ఓ పావుగంట తీసి పెట్టి, తర్వాత యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా అలా వదిలేస్తే కొత్త లెక్క నేర్చుకుంటుంది, ఆ తర్వాత ఏసీ వేసి ఇంకో అయిదు నిమిషాలు. ఆ రాత్రి బండిని కదపకూడదు. మర్నాడు పొద్దున్న కాలు పెడల్‌కి దూరంగా పెట్టి కీ తిప్పితే ఒకటి రెండు సెకన్లలో అందుకుని 1200, 1500 మధ్య నిలబడాలి, టెంపరేచర్ ముల్లు కదలడం మొదలయ్యాక మెల్లగా దిగుతూ వచ్చి 850 దగ్గర ఆగాలి, డాష్‌బోర్డు మీద వినాయకుడు కదలకూడదు.